మారనిది క్రింద, మారేది పైన: పైథాన్ ప్రోగ్రాముల పొరల అమరిక

బెంగళూరు, చెన్నై నగరాల సాఫ్ట్‌వేర్ సంస్థలలో కొలువు చేస్తూ, స్వగ్రామం నుండే పని చేసుకొనే యువత మన సరిహద్దు పల్లెలలోనూ ఉన్నారు. సెల్‌ఫోన్ డేటాయే ఆధారమైన వారికి, ఒక్క పంక్తి సవరించిన ప్రతిసారీ వందల మెగాబైట్లు పంపవలసి రావడం పెద్ద భారం. అమరికను సరిదిద్దుకొంటే ఈ భారం చాలావరకు తొలగుతుంది.

గైడో వాన్ రోసమ్ 1991లో వెలువరించిన పైథాన్ భాషలో వ్రాసే ప్రోగ్రాములు సాధారణంగా ఇతరులు వ్రాసిన లైబ్రరీలపై ఆధారపడతాయి. గణితానికి నంపై, వెబ్‌సైటుకు జాంగో ఇటువంటివే. వీటిని డిపెండెన్సీలు అంటారు. ప్రోగ్రామును, డిపెండెన్సీలను, పైథాన్‌ను కలిపి కట్టిన మూటయే కంటైనర్ ఇమేజ్. 2013లో వచ్చిన డాకర్ దీనిని విస్తృత వాడుకలోకి తెచ్చింది.

ఇమేజ్ ఒకే ముద్ద కాదు, పొరల దొంతర. ప్రతి పొరకు, అందులోని సమాచారాన్ని బట్టి లెక్కించిన ఎస్‌హెచ్‌ఏ-256 గుర్తు ఉంటుంది. అదే గుర్తు గల పొర సర్వరులో ఇదివరకే ఉంటే దానిని మరల పంపనవసరం లేదు. అయితే డాకర్‌ఫైలులో ఒక మెట్టు మారితే, దాని తరువాతి మెట్లన్నీ మరల నడుస్తాయి. గోడకు సున్నం వేయడానికి పునాది త్రవ్వము కదా! కావున వరుస ఇట్లు ఉండవలెను:

1. అడుగున పైథాన్ మూల ఇమేజ్.
2. ఆపై డిపెండెన్సీల జాబితా ఫైలును మాత్రమే చేర్చి, పిప్‌తో వాటిని స్థాపించడం.
3. చిట్టచివర మనం వ్రాసిన ప్రోగ్రాము.

ఫోల్డరునంతటినీ ముందే చేర్చితే, చిన్న సవరణకు కూడా లైబ్రరీలన్నీ మరల దిగుమతి అవుతాయి. జాబితాలో ప్రతి లైబ్రరీకీ ఖచ్చితమైన వెర్షన్ సంఖ్య వ్రాయవలెను; లేనిచో నేటి నిర్మాణం, రేపటి నిర్మాణం ఒకటి కావు. మరొక సంగతి: క్రింది పొరలో చేరిన ఫైలును పై పొరలో తొలగించినా ఇమేజ్ పరిమాణం తగ్గదు.

ఒకేచోట అనేక ప్రోగ్రాములు ఉన్నప్పుడు ప్యాంట్స్, గూగుల్ 2015లో బహిరంగపరచిన బేజల్ వంటి నిర్మాణ సాధనాలు తోడ్పడతాయి. ఏ ప్రోగ్రాముకు ఏ లైబ్రరీ అవసరమో ఇవి లెక్కగట్టగలవు. వీటి సాయంతో లైబ్రరీలను ఒక పొరగా, సొంత ప్రోగ్రామును వేరొక పొరగా కట్టవచ్చును. పైటార్చ్ వంటి బరువైన లైబ్రరీకి ప్రత్యేక పొర కేటాయించడం మేలు. ఫైలు లోపలి విషయం మారకున్నా, పొరలో నమోదైన తేదీ మారితే గుర్తు మారిపోతుంది; అందుచేత ఈ సాధనాలతో తేదీలను స్థిరపరుస్తారు.

అమరిక ఫలించినదీ లేనిదీ పరీక్షించడం సులభం. డాకర్ హిస్టరీ ఆదేశం పొరల పరిమాణాలను చూపుతుంది. ఒక పంక్తి మార్చి ఇమేజ్‌ను మరల పంపినప్పుడు, లైబ్రరీల పొర ఎదుట “లేయర్ ఆల్రెడీ ఎగ్జిస్ట్స్” అని కనిపిస్తే, ఆ పొరకు డేటా ఖర్చు కాలేదని గ్రహించవలెను.