సూదింగ్ అంటే సూది కాదు!

మొన్న గంజి వార్చబోయి చెయ్యి కాల్చుకున్నాను. మా పెద్దమ్మాయి పరుగున వెళ్లి ట్యూబు తెచ్చి, దానిమీదున్న అక్షరాలు గట్టిగా చదివింది, "సూదింగ్ క్రీమ్" అని. అంతే, నాలుగేళ్ల మా చిన్నది "అమ్మకి సూది వద్దు" అంటూ రాగం అందుకుంది. దాన్ని ఊరుకోబెట్టేసరికి నా మంట సంగతి నేనే మరచిపోయాను!

మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక, డిగ్రీ చదివే రోజుల్లో కొన్న నిఘంటువు కిందికి దించాను. సూద్ అంటే ఊరడించు, ఉపశమనం కలిగించు. ఇది తెలిసిందే. నన్ను కట్టిపడేసింది ఆ మాట పుట్టుక.

వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లీషులో 'సోద్' అంటే నిజం. దాంట్లోంచి వచ్చిన క్రియకి 'నిజమని నిరూపించడం' అని అర్థం. మంటతోనూ ఏడుపుతోనూ దానికి పనే లేదు. 16వ శతాబ్దంలో అది ఎదుటివారి మాటని 'అవును, నిజమే' అని బలపరచడం అయింది. అలా తల ఊపడం అలవాటైతే ఎక్కడికి దారితీస్తుందో మనకి తెలియనిదా? వంతపాడడం, ఇచ్చకాలాడడం అనే అర్థాలూ వచ్చి చేరాయి. షేక్‌స్పియర్ 'కొరియొలేనస్' నాటకంలో ఈ మాటని ముఖస్తుతి అనే అర్థంలోనే వాడాడు. శాంతపరచడం అన్న అర్థం స్థిరపడింది 17వ శతాబ్దం చివరికి గానీ కాదు.

జోస్యం చెప్పేవాణ్ణి ఇంగ్లీషులో 'సూత్‌సేయర్' అంటారు. అసలర్థం నిజం చెప్పేవాడని. మన సోది చెప్పే ఎరుకలసాని గుర్తొస్తోంది కదూ? ధ్వని కలిసింది కదా అని చుట్టరికం కలిపేయకండి. అసలు చుట్టం వేరే ఉంది, మన 'సత్యం'! సంస్కృతంలో 'సత్' అంటే ఉన్నది. ఇంగ్లీషు 'సోద్' కూడా ఆ మూలధాతువు బిడ్డే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని సర్ విలియం జోన్స్ 1786లో కలకత్తాలో అన్నారు. ఆ తర్వాత పండితులు వెతికి పట్టుకున్న చుట్టాల్లో ఇవీ ఉన్నాయి.

మనకి ఈ పనికి ఎన్ని మాటలో! పసిదాన్ని లాలిస్తాం, మారాం చేసేవాణ్ణి బుజ్జగిస్తాం, కీచులాడుకునేవాళ్లని సముదాయిస్తాం, మనిషి పోయిన ఇంటికెళ్లి ఓదారుస్తాం. ఓదార్చడమంటే 'ఏం కాలేదులే' అనడమేనని నేను చాలాకాలం అనుకున్నాను.

నాన్నగారు పోయిన రాత్రి ఆస్పత్రిలో పక్కన ఉన్నది అమ్మే. "ఆయన పిలిచినట్టు వినపడిందే, కానీ మెలకువ రాలేదు" అని నెలల తరబడి అనేది. "పిలవలేదమ్మా, అంతా నీ భ్రమ" అనేవాళ్లం అన్నయ్యా నేనూ. మేం అలా అన్నప్పుడల్లా కంచం ముందునుంచి లేచిపోయేది.

సంవత్సరీకానికి వచ్చిన పిన్ని మాత్రం వేరే మాట అంది. "పిలిచే ఉంటారక్కా బావగారు. నువ్వు లేవలేదు. పదిహేను రోజులు కంటిమీద కునుకు లేనిదానివి, ఎలా లేస్తావు?"

నా గుండె ఆగినంత పనైంది. ఇదేం మనిషి, ఇవాళే అనాలా అని కోపం కూడా వచ్చింది. పిలిచారో లేదో పిన్నికి మాత్రం ఏం తెలుసు? ఆవిడ అవునన్నది అమ్మ అలసటని. అది నాకు అప్పుడు అర్థం కాలేదు.

అమ్మ చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి మొహం కడుక్కుని, వంటింట్లోకెళ్లి తనకీ పిన్నికీ తానే కంచాలు పెట్టింది.