టవర్ లేని కొండల్లో కబురు ఎలా వెళ్తుంది?

అమెరికాలోని కాలిఫోర్నియాలో జాన్ మ్యూర్ ట్రయల్ అనే కాలిబాట ఉంది. సియెర్రా నెవాడా కొండల మీదుగా దాదాపు 340 కిలోమీటర్లు. దారిలో చాలాచోట్ల సెల్‌ఫోన్ సిగ్నల్ అందదు. ఒంటరిగా నడిచేవాళ్లకు కాలు విరిగితే ఎవరిని పిలవాలి?

అందుకే చాలామంది శాటిలైట్ మెసెంజర్ వెంట ఉంచుకుంటారు. అరచేతిలో ఇమిడే పరికరం అది. జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలను బట్టి ముందు తానెక్కడుందో లెక్కగడుతుంది. ఆ వివరాన్ని, మీరు రాసిన నాలుగు ముక్కలను కలిపి మరో రకం ఉపగ్రహాలకు పంపుతుంది. వీటిలో పేరున్నవి ఇరీడియం ఉపగ్రహాలు. దాదాపు 780 కిలోమీటర్ల ఎత్తున 66 తిరుగుతుంటాయి. మొదట 77 అనుకున్నారు. ఇరీడియం మూలకం పరమాణు సంఖ్య కూడా 77, అందుకే ఆ పేరు. సంఖ్య తగ్గినా పేరు మాత్రం మార్చలేదు! ఉపగ్రహం నుంచి సందేశం నేల మీది కేంద్రానికి, అక్కడి నుంచి ఇంటివాళ్ల ఫోన్‌కు చేరుతుంది. ఎస్ఓఎస్ బటన్ నొక్కితే, రాత్రీపగలూ మేలుకొని ఉండే సహాయ కేంద్రానికి వెళ్తుంది. వాళ్లు స్థానిక రక్షణ బృందాన్ని కదిలిస్తారు.

ఇరుకు లోయలో, దట్టమైన చెట్ల కింద ఆకాశం సరిగా కనిపించదు కాబట్టి కబురు ఆలస్యమవుతుంది. అందినా, మనుషులు రావడానికి గంటలు పట్టొచ్చు. నీళ్లు, మందులు, వెచ్చని బట్టలు తప్పనిసరి.

మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా ఇలాంటి పరికరాలు తేవడం, వాడటం చట్టవిరుద్ధం. విదేశాల నుంచి వచ్చే అన్నయ్యకో అక్కకో ముందే చెప్పండి, బ్యాగులో పెట్టుకురావద్దని.