తిప్పతీగ: అమ్మ తెచ్చిన పొడి డబ్బా

పోయిన డిసెంబరులో అమ్మ టకానినిలోని మా ఇంటికి వచ్చినప్పుడు, సూట్‌కేసులోంచి ఆవకాయ కన్నా ముందు తీసింది తిప్పతీగ పొడి డబ్బా. "రోజూ పొద్దున్నే పరగడుపున తలా ఒక చెంచా తాగండిరా, ఏ జబ్బూ దగ్గరికి రాదు" అంది. అమ్మకి షుగర్. మా ఆవిడకి హషిమోటో థైరాయిడ్, అంటే శరీరంలోని రక్షణ వ్యవస్థ తన మీద తానే దాడి చేసుకునే జబ్బు. మరి తాగవచ్చా? ఆ ప్రశ్నతో నేను చదివి తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాను.

మన ఊళ్ళలో కంచెల మీద, వేపచెట్ల మీద పాకే ఈ తీగ ఆకులు హృదయాకారంలో ఉంటాయి. శాస్త్రీయ నామం టినోస్పోరా కార్డిఫోలియా. సంస్కృతంలో గుడూచి, అమృత, హిందీలో గిలోయ్. దీనికి ఛిన్నరుహ అని ఇంకో పేరుంది. కోసినా మళ్ళీ మొలిచేది అని అర్థం. వేపచెట్టు మీద పాకినది శ్రేష్ఠమని మన పెద్దల నమ్మకం.

మందుకి ముఖ్యంగా వాడేది కాండాన్నే. దంచి కషాయం కాస్తారు. లేదా దంచిన కాండాన్ని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిసికి వడగట్టి, అడుగున తేరిన తెల్లటి పిండిని ఎండబెడతారు. అదే తిప్పసత్తు. వదలని జ్వరాలకి, మధుమేహానికి, కీళ్ళని పట్టే వాతరక్తానికి, కామెర్లకి ఆయుర్వేదంలో దీన్ని వాడతారు.

విచిత్రమేమిటంటే, కామెర్లకి మందైన ఈ తీగే కొందరికి కామెర్లు తెచ్చింది! కోవిడ్ రోజుల్లో, 2020లో, ఆయుష్ మంత్రిత్వ శాఖ చికిత్సా సూచనల్లో గుడూచి కూడా ఉంది. ఇంటింటా వాడకం పెరిగింది. ఆ ఏడాది చివర్లో ముంబైలో తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం దెబ్బతిన్నట్టు వైద్యులు గమనించి 2021లో ప్రచురించారు. మరుసటి ఏడాది దేశంలోని పలు ఆసుపత్రుల వైద్యులు కలిసి 43 మంది వివరాలు ప్రకటించారు. రక్షణ వ్యవస్థని ఉత్తేజపరిచే గుణమే, ఆ వ్యవస్థ ముందే దారి తప్పిన వారిలో కాలేయం మీదికి తిరగవచ్చని వారి అభిప్రాయం.

ఆయుష్ శాఖ దీనితో ఏకీభవించలేదు. సరైన మొక్కని సరైన మోతాదులో వాడితే సురక్షితమేననీ, టినోస్పోరా క్రిస్పా అనే దగ్గరి చుట్టాన్ని పొరపాటుగా వాడి ఉండవచ్చనీ అంది. క్రిస్పా కాండం నిండా బుడిపెలుంటాయి. పచ్చి తీగని చూసి తేడా పట్టవచ్చు గానీ, పొడి అయ్యాక మన కంటికి ఏం తెలుస్తుంది? పైగా న్యూజిలాండ్ దుకాణాల్లో దొరికే ఇలాంటి ఉత్పత్తులు మందుల్లా ముందుగా మెడ్‌సేఫ్ ఆమోదం పొంది రావు.

కాబట్టి థైరాయిడ్, కీళ్ళవాతం, సోరియాసిస్ వంటి ఆటోఇమ్యూన్ జబ్బులున్నవారు, కాలేయ సమస్యలున్నవారు డాక్టరుని అడగకుండా దీని జోలికి పోకపోవడం మంచిది. షుగర్ మాత్రలు వేసుకునేవారికి దీనితో చక్కెర మరీ పడిపోయే ప్రమాదముంది. ఇప్పటికే వాడుతున్నవారు ఆ సంగతి జీపీకి తప్పక చెప్పండి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా వెంటనే ఆపి, డాక్టరుని కలిసి కాలేయ రక్తపరీక్ష చేయించుకోండి.

ఇంకో మాట. ఇండియా నుంచి తెచ్చే మూలికలని ఆక్లాండ్ విమానాశ్రయంలో తప్పక డిక్లేర్ చేయాలి. లేకపోతే 400 డాలర్ల జరిమానా పడవచ్చు.

ఇదంతా చెబితే అమ్మ నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. కాసేపు ఆలోచించి, "నిజమేరా, మా నాయనమ్మ కూడా జ్వరం వస్తేనే ఇచ్చేది, అదీ నాలుగు రోజులే. రోజూ తాగమని ఎప్పుడూ అనలేదు" అంది. డబ్బా మూత పెట్టేసింది. అమ్మమ్మల వైద్యంలో మందు ఎంత ముఖ్యమో, ఎవరికి, ఎప్పుడు, ఎన్నాళ్ళు అన్న విచక్షణ కూడా అంతే ముఖ్యం. మనం మందుని మాత్రం సూట్‌కేసులో పెట్టుకుని, విచక్షణని ఊళ్ళోనే వదిలి రాకూడదు కదా!