వేగపరిమితి – అమలు – చోదకుని అంచనా: ఒక వివరణ

వ్యాససంగ్రహం

రహదారిపై ఎంత వేగం క్షేమమో నిర్ణయించవలసింది చట్టమా, వాహనం నడిపే వ్యక్తి వివేచనా? మోటారు వాహనాల చట్టం ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానాన్ని, ఆ నిర్ణయాన్ని కొంతకాలం చోదకులకే విడిచిపెట్టిన అమెరికాలోని మోంటానా రాష్ట్ర అనుభవాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. చోదకుని అంచనాకు సహజంగా ఉన్న హద్దులను, అమలులోని లోపాలను పరిశీలిస్తుంది. వేగపరిమితిని చోదకుని నైపుణ్యానికి కొలతగా కాక, వాహనం వెలుపల ఉన్నవారికి సమాజం ఇచ్చిన హామీగా అర్థం చేసుకోవాలని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వేగపరిమితి, మోటారు వాహనాల చట్టం, చోదకుని అంచనా, ఆగే దూరం, అమలు, పాదచారి.

1. ఉపోద్ఘాతం

'నిదానమే ప్రధానం' అన్న సామెత తెలుగునాట రహదారుల పక్కన, లారీల వెనుక తరచు కనిపిస్తుంది. అయితే ఎంత వేగమైతే నిదానమో ఈ సామెత చెప్పదు. 'అతివేగం', 'మితిమీరిన వేగం' అన్న మాటలూ అంతే. మితి ఏదో తెలిస్తేనే అది మీరినట్లు తెలుస్తుంది. భాష ఇలా ఖాళీగా విడిచిన చోటును చట్టం ఒక అంకెతో పూరిస్తుంది. చోదకుడు తన అనుభవంతో పూరించుకొంటాడు. ఈ రెండూ ఒకటి కానప్పుడు ఏది నిలవాలన్నదే వేగపరిమితి చర్చలోని అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న వెనుక ప్రాణాలున్నాయి. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వశాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. ఈ మరణాలలో 71.2 శాతానికి అతివేగమే కారణమని నివేదిక నమోదు చేసింది. ఈ శాతాన్ని కొంత జాగ్రత్తగా చదవాలి. ప్రమాదం జరిగిన తరువాత స్థలానికి వెళ్ళిన పోలీసులు నమోదు చేసే కారణం సాధారణంగా అనుమితి. ఆ క్షణంలో ఉన్న వేగాన్ని యంత్రంతో కొలిచినవారు ఉండరు. రహదారి నిర్మాణలోపం, వెలుతురు లేకపోవడం వంటి కారణాలు కూడా 'అతివేగం' అన్న ఒక్క మాట కింద మరుగున పడే అవకాశముంది. అంత మాత్రాన వేగం పాత్ర తగ్గదు. ప్రమాదం ఏ కారణంతో మొదలైనా, దెబ్బ ఎంత బలంగా తగలాలో నిర్ణయించేది వేగమే.

2. చట్టంలో వేగం: అంకె, అభిప్రాయం

మోటారు వాహనాల చట్టం–1988 లోని 112వ సెక్షను నిర్ణీత గరిష్ఠవేగాన్ని మించి వాహనం నడపడాన్ని నిషేధిస్తుంది. ఈ సెక్షను కింద కేంద్రం 2018 ఏప్రిల్ 6న వెలువరించిన ప్రకటన కార్లకు ఎక్స్‌ప్రెస్‌వేలపై గంటకు 120 కిలోమీటర్లు, నాలుగు వరుసల విభజిత రహదారులపై 100, పురపాలక ప్రాంతాలలో 70 కిలోమీటర్లు గరిష్ఠవేగంగా పేర్కొంది. ప్రజల భద్రత దృష్ట్యా తక్కువ పరిమితులు విధించే అధికారం రాష్ట్రాలకు ఉంది. 2021లో మద్రాసు హైకోర్టు ఈ ప్రకటనను కొట్టివేసి, వేగాలను తగ్గించి కొత్త ప్రకటన ఇవ్వాలని ఆదేశించింది. ఇంజన్లు, రహదారులు మెరుగుపడ్డాయి కనుక వేగం పెంచవచ్చునన్న వాదన అక్కడ నిలవలేదు. యంత్రం మెరుగుపడినంత మాత్రాన నడిపే మనిషి మెరుగుపడడన్నది ఈ తీర్పునుంచి గ్రహించవలసిన అంశం.

అంకెతో పాటు ఈ చట్టంలో వివేచనకూ చోటుంది. ప్రమాదకరంగా వాహనం నడపడాన్ని శిక్షించే 184వ సెక్షను స్థల స్వభావాన్ని, అక్కడి రద్దీని, ఇతర పరిస్థితులను లెక్కలోకి తీసుకోమంటుంది. అంటే వేగపరిమితికి లోబడినంత మాత్రాన చోదకునికి రక్షణ లభించదు. దట్టమైన పొగమంచులో 80 కిలోమీటర్ల వేగం అంకె ప్రకారం సరైనదే అయినా ఈ సెక్షను ప్రకారం నేరం కావచ్చు. చోదకుని వివేచన పరిమితికి లోపల, దానికంటే తక్కువ వేగాన్ని ఎంచుకోవడానికి పనికివస్తుంది. పరిమితిని దాటడానికి అనుమతి కాదు.

అభిప్రాయం విషయంలో చట్టం ఎంత జాగ్రత్త వహించిందో 183వ సెక్షనులోని మూడవ ఉపసెక్షను చూపుతుంది. ఒక వాహనం పరిమితిని మించిన వేగంతో వెళ్ళిందని ఒకే సాక్షి తన అభిప్రాయంగా చెబితే, కేవలం దాని ఆధారంగా శిక్ష విధించరాదు. ఆ అభిప్రాయం యాంత్రిక లేదా ఎలక్ట్రానిక్ పరికరం ఇచ్చిన కొలతపై ఆధారపడి ఉండాలి. రోడ్డు పక్కన నిలబడి చూసిన పోలీసు కంటి అంచనానే చట్టం చాలదన్నప్పుడు, ప్రయాణపు తొందరలో స్టీరింగు పట్టుకొన్న వ్యక్తి అంచనాకు అంతకంటే ఎక్కువ ప్రామాణ్యం ఇవ్వడానికి హేతువు కనిపించదు.

3. అంచనాకే విడిచిపెట్టిన చోట: మోంటానా

చోదకుల వివేచనకే వేగాన్ని విడిచిపెడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి అమెరికాలోని మోంటానా రాష్ట్రం మంచి ఉదాహరణ. 1974లో ఇంధన సంక్షోభం కారణంగా అమెరికా దేశమంతటా గంటకు 55 మైళ్ళ గరిష్ఠవేగాన్ని విధించింది. 1995 చివరలో ఆ సమాఖ్య నిబంధన రద్దయింది. దానితో మోంటానాలో పగటివేళ కార్లకు అంకె రూపంలోని పరిమితి లేకుండా పోయింది. 'సముచితం, వివేకవంతం' అయిన వేగంతో నడపాలన్న పాత నియమమే తిరిగి అమలులోకి వచ్చింది.

1996లో గంటకు 85 మైళ్ళ (సుమారు 137 కిలోమీటర్ల) వేగంతో కారు నడిపిన ఒక వ్యక్తికి ఈ నియమం కింద శిక్ష పడింది. ఆ వేగం అక్కడ సముచితం కాదని పట్టుకొన్న అధికారి సాక్ష్యం చెప్పాడు. మరి ఎంత వేగం సముచితమని అడిగితే చెప్పలేకపోయాడు. 1998 డిసెంబరులో మోంటానా సుప్రీంకోర్టు ఆ నియమం అస్పష్టంగా ఉందని, రాజ్యాంగవిరుద్ధమని ప్రకటించి శిక్షను రద్దు చేసింది. ఏ వేగం నేరమో ముందుగా తెలియకపోతే పౌరుడు చట్టాన్ని పాటించలేడు. ఏది నేరమో ప్రతి అధికారీ తన అభిప్రాయం ప్రకారం నిర్ణయించే ప్రమాదమూ ఉంటుంది. 1999లో రాష్ట్రం అంతర్రాష్ట్ర రహదారులపై పగటివేళ గంటకు 75 మైళ్ళ పరిమితి విధించింది.

ఈ ఉదాహరణలో గమనించవలసిన విశేషం ఒకటుంది. అంకె లేకపోవడం స్వేచ్ఛగా కనిపించినా, అది చోదకుని పోలీసు అభిప్రాయానికి బందీని చేసింది. అంకె చోదకుని కట్టడి చేస్తుంది; అధికారిని కూడా కట్టడి చేస్తుంది.

4. చోదకుని అంచనా ఎక్కడ తప్పుతుంది?

అనుభవజ్ఞుడైన చోదకుడు తన వాహనాన్ని, దారిని బాగా ఎరిగి ఉంటాడన్నది నిజమే. అయినా క్షేమకరమైన వేగాన్ని అంచనా వేయడంలో నాలుగు అవరోధాలు ఎదురవుతాయి.

మొదటిది, ఆగే దూరం. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు వేసి వాహనం పూర్తిగా ఆగేవరకు పట్టే దూరం వేగంతో సమానమైన నిష్పత్తిలో పెరగదు. అంతకంటే త్వరగా పెరుగుతుంది. రహదారుల రూపకల్పనకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సూచించిన ప్రమాణాల ప్రకారం గంటకు 80 కిలోమీటర్ల వేగానికి ఈ దూరం 120 మీటర్లు. 100 కిలోమీటర్ల వేగానికి 180 మీటర్లు. వేగం నాలుగో వంతు పెరిగితే దూరం సగం పెరిగింది. ఇంతా చేసి పది కిలోమీటర్ల ప్రయాణంలో మిగిలేది నిమిషంన్నర మాత్రమే.

రెండవది, ఇంద్రియాల అలవాటు. చాలాసేపు ఎక్కువ వేగంతో ప్రయాణించినవారికి తరువాత వేగం తగ్గించినా, నిజానికున్న వేగంకంటే నెమ్మదిగా వెళుతున్నట్లు తోస్తుంది. జాతీయ రహదారి నుంచి ఊరిలోకి మళ్ళిన కారు తన వేగం చాలా తగ్గిందనుకొంటూనే ఊరికి తగని వేగంతో సాగడానికి ఇదొక కారణం. స్పీడోమీటరు చూసుకోకపోతే ఈ భ్రమ తొలగదు.

మూడవది, తనపై తనకున్న నమ్మకం. 1981లో ఓలా స్వెన్సన్ ప్రచురించిన పరిశోధనలో అమెరికన్ చోదకులలో 93 శాతం, స్వీడిష్ చోదకులలో 69 శాతం నైపుణ్యంలో తాము తమ తోటివారిలో పై సగంలో ఉన్నట్లు చెప్పుకొన్నారు. పై సగంలో 93 శాతం మంది ఇమడరు.

నాలుగవది, వీటన్నిటికంటే లోతైనది. అనుభవం నేర్పే పాఠమే ఇక్కడ పక్కదారి పట్టిస్తుంది. వందసార్లు వేగంగా వెళ్ళి క్షేమంగా ఇల్లు చేరిన వ్యక్తికి ఆ వేగం క్షేమమని వందసార్లు రుజువైనట్లు అనిపిస్తుంది. ఘోరప్రమాదం ఒక వ్యక్తి జీవితంలో అరుదు. సమాజం మొత్తంలో నిత్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుంది. ఈ నాలుగు శాతం ఏ ఒక్క చోదకుని అనుభవానికీ అందదు. లెక్కలు తీసినప్పుడే కనిపిస్తుంది. పైగా వేగం వల్ల మిగిలే కాలం చోదకునిది. దాని మూల్యంలో పెద్ద భాగం రోడ్డు దాటే పాదచారిది, సైకిలు తొక్కేవారిది. లాభం ఒకరికి, నష్టం మరొకరికి చెందినప్పుడు లాభపడేవారి అంచనా ఒక్కటే ప్రమాణం కాజాలదు.

5. అంకెకు విశ్వసనీయత ఎలా వస్తుంది?

చోదకుల వివేచనను సమర్థించేవారి వాదనలో బలమైన అంశం కూడా ఉంది. పరిమితి దారికి తగినట్లు లేకపోతే ఎవరూ పాటించరు. ఒకచోట అర్థంలేని బోర్డును చూసిన చోదకుడు అవసరమైన చోట ఉన్న బోర్డును కూడా లెక్కచేయడు. ఈ ఆలోచన నుంచే అమెరికాలో ఒక పద్ధతి ఏర్పడింది. అడ్డంకులు లేనప్పుడు నూరు వాహనాలలో ఎనభైఅయిదు ఏ వేగానికి లోబడి వెళతాయో కొలిచి, దానికి దగ్గరగా పరిమితిని నిర్ణయించడం ఆ పద్ధతి. ఇందులో అధికసంఖ్యాకుల వివేచనకు గౌరవముంది. అయితే ఈ కొలతలో వాహనాల వేగం ఉంటుంది తప్ప, రోడ్డు దాటడానికి భయపడి ఆగిపోయిన వ్యక్తి అభిప్రాయం ఉండదు. పరిమితి పెంచితే వేగాలు పెరిగి, మళ్ళీ కొలిచినప్పుడు మరింత పెద్ద అంకె రావచ్చు.

రెండు తెలుగు రాష్ట్రాలలోని దారులు ఈ భేదాన్ని స్పష్టం చేస్తాయి. హైదరాబాదు చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డుపైకి పాదచారులకు, ద్విచక్రవాహనాలకు ప్రవేశం లేదు, కూడళ్ళు లేవు. అక్కడ 100గా ఉన్న గరిష్ఠవేగాన్ని 2023లో 120కి పెంచడంపై వాదోపవాదాలకు అవకాశమున్నా, ఆ దారికి అది పూర్తిగా పొసగని అంకె కాదు. హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి స్థితి వేరు. ఆ దారికి ఇరువైపులా ఊళ్ళున్నాయి. ఇల్లు ఒక వైపు, పొలమో బస్సు ఆగే చోటో మరొక వైపు ఉన్నవారు రోజూ దారి దాటవలసిందే. అక్కడ చోదకుని కంటికి కనిపించేది విశాలమైన నల్లని తారుదారి. అది వేగంగా వెళ్ళమని పిలుస్తుంది. పక్కన బోర్డు నెమ్మదిగా వెళ్ళమంటుంది. దారి ఒకటి చెప్పి, బోర్డు మరొకటి చెప్పినప్పుడు చోదకుడు దారి మాటే వింటాడు. సర్వీసు రోడ్డు, వంతెన లేదా అండర్‌పాస్, ఊరి మొదట్లో దారిని కొంత ఇరుకు చేసే నిర్మాణం వంటివి సమకూర్చి, బోర్డు చెప్పేదే దారి చేత కూడా చెప్పించడం ప్రభుత్వ బాధ్యత.

6. అమలు: తీవ్రతకంటే నిశ్చయం

2019 సవరణ తరువాత 183వ సెక్షను కింద కార్ల వంటి తేలికపాటి వాహనాలకు 1,000 నుంచి 2,000 రూపాయల వరకు, మధ్యతరహా, భారీ వాహనాలకు 2,000 నుంచి 4,000 రూపాయల వరకు జరిమానా ఉంది. అయితే జరిమానా ఎంత అన్నదానికంటే, అది తప్పదా కాదా అన్నదే చోదకుని ప్రవర్తనను ఎక్కువగా మారుస్తుంది. ఎదురుగా వచ్చే వాహనాలు లైట్లు కొట్టి ముందు పోలీసులున్న సంగతి తెలియజేయడం, కెమెరా దగ్గర వేగం తగ్గించి దాటగానే పెంచడం అందరూ ఎరిగినవే. ఒక బిందువు దగ్గర కాక, రెండు బిందువుల మధ్య పట్టిన కాలాన్నిబట్టి సగటు వేగాన్ని లెక్కించే పద్ధతి ఈ ఉపాయాన్ని చాలావరకు నిష్ఫలం చేస్తుంది.

2021 ఆగస్టులో వెలువడిన 167–ఎ నియమం ఎలక్ట్రానిక్ పరికరాల ద్వారా అమలుకు మార్గదర్శకాలను నిర్దేశించింది. పరికరానికి ధ్రువీకరణ ఉండాలి. నిఘా ఉన్న చోటికి ముందే హెచ్చరిక బోర్డు కనిపించాలి. నేరానికి సంబంధించిన నోటీసు పదిహేను రోజులలో అందాలి. పొంచి ఉండి పట్టుకోవడం కంటే, ముందే చెప్పి వేగం తగ్గించడం ప్రధానమన్న దృష్టి ఇందులో ఉంది.

ఈ దృష్టికి చలానాల వసూలు తోడ్పడాలి. తెలంగాణలో పేరుకుపోయిన ట్రాఫిక్ చలానాలపై 2022 మార్చిలో ద్విచక్రవాహనాలకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చారు. బకాయిల వసూలుకు, పేదలపై భారం తగ్గడానికి ఇది ఉపకరించి ఉండవచ్చు. కాని వేచి చూస్తే తగ్గుతుందన్న జరిమానా హెచ్చరికగా పనిచేయదు. చిన్న జరిమానాను వెంటనే, తప్పకుండా వసూలు చేయడమే మేలు.

ఇంకొక నిబంధన తగినంత చర్చకు రాలేదు. అతివేగంతో నడిపించిన యజమాని కూడా 183వ సెక్షను కింద శిక్షార్హుడే. వేగపరిమితిని అతిక్రమించకుండా పూర్తిచేయలేని ప్రయాణానికి వేళల పట్టిక ప్రకటించినా, అటువంటి ఆదేశం ఇచ్చినా, అది యజమానిపై ప్రాథమిక సాక్ష్యమవుతుంది. బస్సుల సమయపట్టికలకు, సరుకు రవాణా గడువులకు, నిమిషాల లెక్కన ఇంటికి వస్తువులు చేర్చే సేవలకు ఈ నిబంధనను అన్వయించి చూడవలసిన అవసరముంది. చాలా సందర్భాలలో వేగాన్ని ఎంచుకొనేది చోదకుని వివేచన కాదు, అతని జీతం.

7. ముగింపు

వేగపరిమితి చోదకుని వివేచనను తోసిపుచ్చదు. దానికి ఒక పై అంచును చూపుతుంది. వాన, చీకటి, రద్దీ, పశువులు, అలసట వంటి అంకెకు అందని పరిస్థితులలో వివేచనే చోదకునికి దారి చూపాలి. ఆ దారి ఎప్పుడూ నెమ్మదించే వైపే ఉండాలి. ఆ అంకె దారికి తగినదై ఉండేటట్లు చూడడం ప్రభుత్వం వంతు. అది అందరికీ ఒకే తీరున వర్తించేటట్లు చూడడం పోలీసుల వంతు.

రోడ్డు దాటడానికి నిలబడిన వృద్ధురాలు వచ్చే కారు ఎంత దూరంలో ఉందో చూసి, అది తనను చేరడానికి ఎంతసేపు పడుతుందో ఊహించి అడుగు వేస్తుంది. కారు నడిపే వ్యక్తి నైపుణ్యం ఆమెకు తెలియదు. తెలుసుకొనే అవకాశమూ లేదు. వాహనాలన్నీ ఒక హద్దుకు లోబడి వస్తాయన్న నమ్మకమే ఆమెకు ఆధారం. చోదకుడు పరిమితిని దాటినప్పుడు ఆమెను అడగకుండానే ఆమె లెక్కను తప్పు చేస్తున్నాడు. వేగపరిమితిని పాటించడానికి ఇంతకు మించిన కారణం అక్కరలేదు.