చేపల వేటకు చలువ కళ్ళద్దాలు: కటకాల ఎంపికలో పాటించవలసిన క్రమం

1921లో జరిపిన సముద్రయానంలో సి.వి. రామన్ ఓడ పైభాగాన నిలిచి, నికాల్ పట్టకం అనే చిన్న పరికరం గుండా సముద్ర జలాన్ని పరిశీలించారు. నీటి ఉపరితలం నుండి పరావర్తనం చెందే ఆకాశపు వెలుగును ఆ పట్టకం అడ్డుకోగానే, నీటి లోపలి నుండి వచ్చే నీలిరంగు మరింత స్పష్టమైంది. సముద్రపు నీలం కేవలం ఆకాశపు ప్రతిబింబం కాదన్న ఆయన వాదానికి ఈ పరిశీలన ఒక ఆధారం. రామన్ బాల్యం గడిచిన విశాఖపట్నం తీరం నుండి నేడు వేటకు వెళ్ళే మత్స్యకారుడు ధ్రువణ కటకాలున్న చలువ కళ్ళద్దాలు ధరిస్తే, అతని కంటి ముందు జరిగే పని కూడా ఇదే. నీటిపై తళుకు తొలగి, నీటి లోపలి దృశ్యం కనిపిస్తుంది.

అయితే కొనుగోలులో ఈ శాస్త్రం అరుదుగా ప్రవేశిస్తుంది. అద్దం ఎంత నల్లగా ఉంటే కంటికి అంత రక్షణ అన్న నమ్మకం తీర గ్రామాలలోనే కాదు, చదువుకున్నవారిలోనూ బలంగా ఉంది. నిజానికి కటకానికి నాలుగు వేర్వేరు గుణాలున్నాయి. అవి అతినీలలోహిత కిరణాలను ఆపడం, ధ్రువణం, ముదురుదనం, రంగు. వీటిలో ఒకటి ఉన్నంత మాత్రాన మరొకటి ఉన్నట్లు కాదు. ఏది ముందు, ఏది తరువాత అన్న క్రమాన్ని, దుకాణంలోనే వాటిని పరీక్షించే పద్ధతులను విస్తరణ సిబ్బందికి అందించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తొలి షరతు: అతినీలలోహిత కిరణాల నిరోధం

సముద్రంపై పనిచేసేవారి కంటికి సంబంధించి తరచుగా ఉదహరించే అధ్యయనం అమెరికాలోని చెసాపీక్ అఖాతం మత్స్యకారులపై జరిగింది. టేలర్, ఆయన సహచరులు 838 మందిని పరీక్షించి 1988లో ఫలితాలను ప్రచురించారు. జీవితకాలంలో కంటికి సోకిన అతినీలలోహిత-బి కిరణాల మోతాదు రెట్టింపైతే, కంటి కటకపు వెలుపలి పొరలో ఏర్పడే శుక్లం ముప్పు 1.6 రెట్లు పెరుగుతుందని వారు గుర్తించారు. కటకం మధ్యభాగంలో ఏర్పడే శుక్లానికి మాత్రం అటువంటి సంబంధం కనిపించలేదు. అంటే వయసుతో వచ్చే శుక్లాలన్నింటికీ ఎండను కారణంగా చెప్పలేము. ఆ తేడాను శిక్షణలలో మరుగుపరచరాదు.

శుక్లంతో పాటు, కంటి తెల్లగుడ్డుపై నుండి నల్లగుడ్డు మీదికి పాకే కండను కూడా ఈ కిరణాలతో ముడిపెడతారు. తీరప్రాంతాలలో దీనిని కంట్లో కండ పెరగడం అంటారు. మన తీరం అమెరికా తూర్పు తీరం కంటే భూమధ్యరేఖకు ఎంతో దగ్గరగా ఉంది. వేసవి మధ్యాహ్నాలలో అతినీలలోహిత సూచిక 11 దాటి తీవ్రస్థాయికి చేరుతుంది. ఈ మోతాదు పైనుండే రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం పొడి ఇసుక ఈ కిరణాలలో సుమారు 15 శాతాన్ని, సముద్రపు నురుగు సుమారు 25 శాతాన్ని వెనక్కి పంపుతాయి. అలివి వల లాగేవారు ఈ రెండింటి మధ్యే గంటల తరబడి నిలబడతారు. అందువల్ల టోపీ లేదా తలపాగా ఒక్కటే చాలదు. కంటి పక్కలను కూడా కప్పే వంపు తిరిగిన చట్రం అవసరం.

ఇక నల్ల అద్దం సంగతి. ఎండలో కంటిపాప కుంచించుకుంటుంది, రెప్పలు సగం మూసుకుంటాయి. ఇవి ప్రకృతి ఇచ్చిన రక్షణలు. ముదురు అద్దం పెట్టగానే ఆ రెండూ సడలుతాయి. ఆ అద్దం అతినీలలోహిత కిరణాలను ఆపేదైతే దీనివల్ల నష్టం లేదు. ఆపనిదైతే, కన్ను చల్లగా ఉందన్న భావనతో రైతు గాని, మత్స్యకారుడు గాని మరింతసేపు ఎండలో గడుపుతాడు. ప్రమాదం ఆ భావనలోనే ఉంది.

ఇక్కడ ఒక అపోహను మరోవైపు నుండి కూడా సరిచేయాలి. చవక అద్దాలన్నీ హానికరమన్న ప్రచారం సరికాదు. పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్, ప్రత్యేక పూత లేకపోయినా, స్వభావరీత్యా దాదాపు 380 నానోమీటర్ల వరకు గల అతినీలలోహిత కిరణాలను ఆపుతుంది. సాధారణ గాజు 'బి' తరగతి కిరణాలను ఆపినా 'ఎ' తరగతి కిరణాలలో గణనీయమైన భాగాన్ని వదిలేస్తుంది. యాక్రిలిక్ ప్లాస్టిక్‌లో కిరణాలను పీల్చే పదార్థం కలపకపోతే అది నమ్మదగినది కాదు. కాబట్టి వెల కంటే పదార్థం, దానిపై 'యూవీ 400' గుర్తు ముఖ్యం. 400 నానోమీటర్ల లోపు కిరణాలన్నింటినీ ఆపుతుందని ఆ గుర్తుకు అర్థం. గుర్తు అంటించడం సులభం కనుక పరీక్ష కూడా అవసరమే. ఆ వివరం ముందు వస్తుంది.

ధ్రువణం చేసే పని, చేయలేని పని

సూర్యకాంతి తరంగాలు అన్ని దిశలలోనూ కంపిస్తాయి. నీటి ఉపరితలంపై పరావర్తనం చెందిన కాంతిలో మాత్రం క్షితిజ సమాంతర కంపనాలే అధికం. ధ్రువణ కటకం నిలువు కంపనాలను మాత్రమే లోనికి అనుమతిస్తుంది. నీటిపై తళుకు తగ్గడానికి ఇదే కారణం. నల్లని సాధారణ అద్దం తళుకును, చేపను సమానంగా మసకబారుస్తుంది. ధ్రువణ కటకం తళుకును మాత్రమే ఎంచి తొలగిస్తుంది.

ఈ తొలగింపు అన్ని కోణాలలో ఒకే విధంగా ఉండదు. 1815లో డేవిడ్ బ్రూస్టర్ రూపొందించిన నియమం ప్రకారం, పరావర్తన కాంతి పూర్తిగా ధ్రువితమయ్యే కోణపు టాంజెంట్ విలువ ఆ పదార్థపు వక్రీభవన గుణకానికి సమానం. నీటి వక్రీభవన గుణకం 1.33. కాబట్టి ఆ కోణం లంబం నుండి సుమారు 53 డిగ్రీలు. దీనిని పడవ మీది మనిషికి అన్వయిస్తే ఒక సులభమైన సూత్రం లభిస్తుంది. నీటి మట్టం నుండి కంటి ఎత్తును 1.33తో గుణిస్తే, కటకం గరిష్ఠంగా పనిచేసే దూరం వస్తుంది. తక్కువ ఎత్తు గల ఫైబర్ బోటులో నిలబడినవాని కన్ను నీటికి 2 మీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, సుమారు 2.7 మీటర్ల దూరాన నీటి లోపలి దృశ్యం అత్యంత స్పష్టంగా ఉంటుంది. అదే మనిషి 10 మీటర్ల దూరంలోని నీటిని చూస్తే కోణం 79 డిగ్రీలకు చేరుతుంది. అప్పుడు నీరు నిశ్చలంగా ఉన్నా, కటకం లోపరహితమైనా, తళుకులో దాదాపు మూడోవంతు మిగిలే ఉంటుంది. విసురు వల వేసేవానికి, గాలంతో చేప పట్టేవానికి ఈ కటకం ఎక్కువగా ఉపకరించడానికి, దూరాన చేపల గుంపు కదలికను పసిగట్టే పనిలో అంతగా ఉపకరించకపోవడానికి కారణం ఇదే. ఎత్తుపై నిలబడి చూసేవారికి ఈ పరిధి కొంత పెరుగుతుంది.

సూర్యుని ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. సూర్యుడు క్షితిజం నుండి 37 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు అతని నేరు ప్రతిబింబం పూర్తిగా ధ్రువితమై ఉంటుంది. మన తీరంలో మార్చి, సెప్టెంబరు మాసాల విషువత్తుల వేళ ఇది ఉదయం ఎనిమిదిన్నర తరువాత, సాయంత్రం మూడున్నర ప్రాంతంలో జరుగుతుంది. నడినెత్తి ఎండలో పడవ పక్కన కిందికి చూస్తే కనిపించే సూర్యబింబపు తళుకు ధ్రువితం కాదు. దానిని తగ్గించేది కటకపు ముదురుదనమే.

ధ్రువణ కటకం వక్రీభవనాన్ని సరిదిద్దదు. చేప ఉన్న లోతు కంటే పైన కనిపించడం యథాతథంగా కొనసాగుతుంది. నిట్టనిలువుగా చూసినప్పుడు లోతు నాలుగింట మూడు వంతులుగానే తోస్తుంది, ఏటవాలుగా చూస్తే ఇంకా తక్కువగా. చేప స్పష్టంగా కనిపించడం వల్ల ఈ భ్రమ తగ్గిందనుకోవడం పొరపాటు. అలాగే గోదావరి వరదనీరు కలిసిన మొగలలో ఒండ్రుమట్టిని దాటి చూపగల కటకం ఏదీ లేదు.

రెండు ప్రతికూలతలను తప్పక చెప్పాలి. జీపీఎస్, చేపల గుంపులను సూచించే ఎకో సౌండర్, మొబైల్ ఫోన్ తెరలలో అనేకం ధ్రువిత కాంతినే వెలువరిస్తాయి. తల ఒక కోణంలో వంచినప్పుడు ఆ తెర నల్లగా మారవచ్చు. కొనే ముందే తమ పడవలోని పరికరంతో సరిచూసుకోవడం మేలు. రెండవది మత్స్యశాస్త్ర విద్యార్థులకు సంబంధించినది. చెరువు నీటి పారదర్శకతను కొలిచే సెక్కి డిస్క్ రీడింగును చలువ కళ్ళద్దాలు తీసివేసి నమోదు చేయాలి. ఉపరితలపు తళుకు తొలగితే డిస్క్ మరింత లోతు వరకు కనిపించి, పాత రీడింగులతో పోలిక చెడుతుంది. రొయ్యల చెరువు గట్టుపై రోజంతా ఇవే కళ్ళద్దాలతో తిరిగేవారు ఈ సంగతి మరవడం సహజం.

ముదురుదనం, రంగు

అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 12312-1 కటకాలను 0 నుండి 4 వరకు ఐదు వర్గాలుగా విభజిస్తుంది. కంటికి కనిపించే కాంతిలో 18 నుండి 43 శాతం ప్రసరింపజేసేది 2వ వర్గం, 8 నుండి 18 శాతం ప్రసరింపజేసేది 3వ వర్గం, 3 నుండి 8 శాతం మాత్రమే ప్రసరింపజేసేది 4వ వర్గం. పగటి సముద్ర వేటకు 3వ వర్గం తగినది. మబ్బు పట్టిన రోజులకు, మడ అడవుల నీడ పడే కాలువలకు 2వ వర్గం చాలు. 4వ వర్గం కటకంతో వాహనం నడపరాదు. తీరం చేరాక అదే కళ్ళద్దాలతో మోటారు సైకిల్ ఎక్కే అలవాటు ఉన్నవారికి దీనిని సూచించకపోవడమే మంచిది. తెల్లవారకముందు పడవ దింపే వేళ ఏ వర్గపు చలువ అద్దమూ పనికిరాదు.

రంగు విషయంలో వ్యాపార ప్రకటనలు చెప్పేంత తేడా లేదు. బూడిద రంగు కటకం అన్ని రంగులను ఇంచుమించు సమంగా తగ్గిస్తుంది. లోతైన నీలి సముద్రానికి, ఎరుపు, ఆకుపచ్చ సంకేత దీపాలను సరిగా గుర్తించడానికి ఇది అనువైనది. గోధుమ రంగు కటకం నీలికాంతిని ఎక్కువగా ఆపి, లోతు తక్కువ ఉన్న నీటిలో అడుగుభాగానికి, చేపకు మధ్య వ్యత్యాసాన్ని కొంత పెంచుతుంది. పులికాట్ వంటి ఉప్పునీటి సరస్సులకు, నదీముఖాలకు, చెరువులకు దీనిని ఎంచుకోవచ్చు. పసుపు రంగు మందవెలుగుకే గాని మండుటెండకు కాదు. అద్దంలా మెరిసే పైపూత వెలుగును మరికొంత తగ్గిస్తుంది, కాని ఉప్పు, ఇసుక తగిలి త్వరగా గీతలు పడుతుంది. ఒకే జత కొనగలిగినవారికి బూడిద లేదా గోధుమ రంగు, 3వ వర్గం, ధ్రువణ కటకం చాలు. మిగిలిన డబ్బు మంచి చట్రానికి వెచ్చించడం ఉచితం.

దుకాణంలో చేయదగిన పరీక్షలు

ధ్రువణాన్ని తెలుసుకోవడానికి పరికరం అక్కరలేదు. వెడల్పాటి పళ్ళెంలో నీరు పోసి ఎండలో ఉంచి, కళ్ళద్దాలను ఏటవాలుగా ఎదురుగా పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. పావు చుట్టులో తళుకు మాయమై తిరిగి రావాలి. దుకాణంలోని నున్నటి గచ్చు మీద కూడా ఇదే చూడవచ్చు. రెండు జతలు లభిస్తే ఒకదాని ముందు మరొకటి ఉంచి తిప్పితే, లంబంగా వచ్చినప్పుడు దాదాపు నల్లబడతాయి. ఫోన్ తెరతో చేసే పరీక్ష అన్ని ఫోన్లలో పనిచేయదు, అందువల్ల దానిపైనే ఆధారపడరాదు. కుడి, ఎడమ కటకాలు ఒకే కోణంలో తళుకును ఆపుతున్నాయో లేదో కూడా గమనించాలి. చవక రకాలలో పొరను వంకరగా అమర్చడం వల్ల రెండు కళ్ళకూ వేర్వేరు వెలుగు చేరి, తలనొప్పికి దారితీయవచ్చు.

అతినీలలోహిత నిరోధాన్ని కళ్ళజోళ్ళ దుకాణాలలోని మీటరుతో చూపించమని అడగడం ఉత్తమం. మీటరు లేనిచోట 365 నానోమీటర్ల టార్చి వెలుగును కరెన్సీ నోటుపై వేస్తే అంకెలు, సన్నని పోగులు మెరుస్తాయి. మధ్యలో కటకం ఉంచినప్పుడు ఆ మెరుపు ఆగిపోవాలి. ఇది ఒక్క తరంగదైర్ఘ్యానికి సంబంధించిన ప్రాథమిక పరీక్ష మాత్రమే. కొనుగోలుకు అనర్హమైనవాటిని ఏరివేయడానికి ఇది పనికివస్తుంది, ధ్రువీకరణకు కాదు. టార్చిని ఎవరి కంటిలోకీ వేయరాదు.

గాజు కటకాలకు గీతలు తక్కువే అయినా పడవలో అవి తగవు. తెగిన తాడు, ఎగిరి వచ్చిన గాలం ముల్లు తగిలితే పగిలి కంటికే ముప్పు. పాలీకార్బొనేట్ దెబ్బకు తట్టుకుంటుంది గాని సులభంగా గీతలు పడుతుంది. ఉప్పు పలుకులు ఆరిన కటకాన్ని తువ్వాలుతో తుడవడం గరుకు కాగితంతో రుద్దినట్లే. ముందు మంచినీటితో కడిగి, తడి ఉండగానే మెత్తని నూలు గుడ్డతో అద్దాలి. ఇంజను పక్కన వేడిలో వదిలితే కటకం పొరల మధ్య అతికించిన ధ్రువణ పొర ఊడివస్తుంది. మెడకు కట్టే తాడు, దానికి తేలే బెండు ముక్క ఉంటే అద్దాలు సముద్రం పాలు కావు.

దృష్టిదోషానికి ముందే కళ్ళజోడు వాడేవారికి, దానిపైన తగిలించే ధ్రువణ కటకాలు తక్కువ ఖర్చుతో దొరుకుతాయి. వెలుగుకు తమంత తామే రంగు మారే కటకాలు వేడి ఎక్కువైనప్పుడు పూర్తిగా ముదరవు కనుక, మే నెల ఎండలో వాటిపై ఆశ పెట్టుకోరాదు. చూపు ఇప్పటికే మసకబారినవారికి, కండ నల్లగుడ్డు మీదికి వచ్చినవారికి ముందు కావలసింది నేత్ర వైద్యుని పరీక్ష. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల, మోటారు పడవల వేట నిషేధం అమలులో ఉంటుంది. వలలు, పడవలు బాగుచేసుకుంటూ మత్స్యకారులు ఊళ్ళలోనే ఉండే ఆ కాలంలో, ఒక నీళ్ళ పళ్ళెం, రెండు ధ్రువణ కటకాలు, ఒక టార్చి వెంట తీసుకువెళ్ళి ఈ పరీక్షలను వారి చేతనే చేయించవచ్చు.