నగరం చేతిలోని గోల్ఫ్ కోర్సు

గోల్ఫ్ అనగానే మనకు పెద్ద గేటు, కాపలా మనిషి, లక్షల్లో సభ్యత్వ రుసుము గుర్తుకొస్తాయి. అమెరికాలోని శాన్ డియాగోలో, పసిఫిక్ సముద్రం మీదికి తొంగిచూసే కొండ అంచున ఉన్న టోరీ పైన్స్ గోల్ఫ్ కోర్సులో ఆడటానికి మాత్రం ఏ సభ్యత్వమూ అక్కర్లేదు. అది నగరపాలక సంస్థ సొత్తు. రుసుము కట్టి, సమయం బుక్ చేసుకుంటే చాలు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ క్యాంప్ క్యాలన్ అనే సైనిక శిబిరం ఉండేది. విమానాలను కూల్చే ఫిరంగులు పేల్చడం సైనికులకు అక్కడే నేర్పేవారు. యుద్ధం ముగిశాక కొన్నేళ్లు ఆ శిబిరపు దారుల్లో కార్ల పందేలు సాగాయి. ఆ తర్వాత నగరం అక్కడ గోల్ఫ్ కోర్సులు కట్టించి 1957లో తెరిచింది. కోట్లు పలికే సముద్రతీరపు నేలను బంగళాలకు అమ్ముకోకుండా జనం ఆటకు కేటాయించడం చిన్న నిర్ణయం కాదు. ఆ చుట్టుపక్కలా, శాంటా రోజా దీవిలోనూ తప్ప సహజంగా మరెక్కడా పెరగని అరుదైన పైన్ జాతి చెట్టే టోరీ పైన్స్ పేరుకు మూలం.

అక్కడున్నవి రెండు కోర్సులు, ఒక్కోదానికి 18 హోల్స్. బంతి కొట్టడం సాధన చేసేందుకు డ్రైవింగ్ రేంజ్, పటింగ్ గ్రీన్ ఉన్నాయి. కర్రలు అద్దెకిస్తారు, పాఠాలూ చెబుతారు. నగరవాసులకు రుసుము బయటివారి కంటే చాలా తక్కువ. నగరపు గోల్ఫ్ కోర్సుల రాబడికి విడిగా ఒక నిధి ఉంది, నిర్వహణ ఖర్చు అందులోంచే వెళ్తుంది.

ఇలాంటి సామాన్యుల కోర్సులోనే 2008 జూన్‌లో యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీ జరిగింది. అప్పటికే టైగర్ వుడ్స్ ఎడమ మోకాలి లిగమెంటు తెగి ఉంది, కాలి ఎముకకు పగుళ్లున్నాయి. ఒక్కో షాట్‌కూ నొప్పితో ముఖం ముడుచుకుంటూనే ఆడాడు. ఆదివారం చివరి హోల్‌లో సుమారు 12 అడుగుల దూరం నుంచి బంతిని గుంతలోకి పంపి, ప్రత్యర్థి రాకో మీడియేట్‌తో సమమయ్యాడు. సోమవారం మరో 18 హోల్స్ ఆడినా తేలలేదు. ఆపై అదనంగా ఆడిన ఒక్క హోల్‌లో, అంటే మొత్తం మీద 91వ హోల్‌లో, వుడ్స్ గెలిచాడు. ఆ వెంటనే శస్త్రచికిత్స చేయించుకుని ఆ ఏడాదికి ఆట మానేశాడు. 2021లో యూఎస్ ఓపెన్ మళ్లీ ఇక్కడికి వచ్చినప్పుడు జాన్ రామ్ చివరి రెండు హోల్స్‌లో బర్డీలు (నిర్ణీత షాట్ల కంటే ఒకటి తక్కువ) కొట్టి గెలిచాడు.

వృత్తి ఆటగాళ్ల పీజీఏ టూర్‌లోని ఒక పోటీ ఇక్కడ ఏటా జరుగుతుంది. హైదరాబాదు నుంచి వలస వెళ్లిన కుటుంబంలో కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల 2023లో ఇక్కడ నాలుగో స్థానం పంచుకున్నాడు. అతను ఆడిన గడ్డి మీదే మర్నాడో మరో వారానికో ఒక బడిపంతులు ఆడొచ్చు.

అన్నీ సజావుగా ఉన్నాయనుకోకూడదు. పర్యాటకుల డబ్బు కావాలి, స్థానికులకు సమయమూ దొరకాలి. తెల్లవారకముందే వచ్చి వరుసలో నిలబడేవాళ్లున్నారంటే గిరాకీ ఎంతో తెలుస్తుంది. పెద్ద పోటీ వస్తే మామూలు ఆటగాళ్లు కొన్నాళ్లు పక్కకు తప్పుకోవాలి. అయినా నగరం ఈ నేలను తన చేతిలోనే ఉంచుకోవడం నూటికి నూరుపాళ్లు సరైన పని. శాన్ డియాగోలో మీ పిల్లలుంటే, ఈసారి వెళ్లినప్పుడు టోరీ పైన్స్ చూసి రండి. ఆట రాకపోయినా ఫరవాలేదు, పక్కనే ఉన్న ప్రకృతి సంరక్షణ వనం కాలిబాటల నుంచీ అదే సముద్రం కనిపిస్తుంది.