కొండనీడలో రేడియో

వాయుతరంగములు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2006లో స్వచ్ఛంద సంస్థలకు ప్రసారపు అర్హత కలిగినది. 2008 అక్టోబరు 15న నాటి మెదక్ జిల్లా మాచనూరులో, దళిత మహిళల 'సంఘం రేడియో' 90.4 మెగాహెర్ట్జ్‌పై మొదలైనది. చిరుధాన్యములు, విత్తనములు, పాటలు — అన్నియు తమ పలుకుబడిలోనే వినిపించిరి.

ఈ తరంగము పొడవు సుమారు 3.3 మీటర్లు. ఇంత పొట్టి తరంగములు వెలుతురువలె దాదాపు తిన్నగా పోవును. దీపము ముందు పుస్తకము నిలిపినచో వెనుక నీడ పడును గదా! కొండ వెనుక రేడియోకును అంతే. మాచనూరు చదునైన పీఠభూమి. అరకులోయ చుట్టూ తూర్పుకనుమలు. కావున అచ్చట స్తంభమును ఎత్తైన గట్టుపై నిలుపవలెను; మరుగుపడిన లోయలకు వేరొక స్తంభము కావలెను. లేనిచో కువి, ఆదివాసీ ఒరియా మాటలాడు పల్లెలకు తమ మాట తమకే వినబడదు.